ఇంటర్నెట్ వీధిలో అంగడి

వ్యాపారానికి చిరునామా ప్రాణం. వారపు సంతలో గాజులమ్మే మనిషి కూడా ప్రతి వారం ఒకే చెట్టు కింద కూర్చుంటాడు. పోయిన వారం కొన్నవారు ఈ వారం మళ్లీ అక్కడికే వస్తారని అతనికి తెలుసు. సరుకు ఎంత మంచిదైనా, అమ్మేవాడు ఎక్కడ దొరుకుతాడో తెలియకపోతే బేరం సాగదు. పూర్వం వీధి పేరు, ఇంటి నంబరు ఉంటే చాలేది. ఇప్పుడు వాటికి తోడు ఇంటర్నెట్‌లో మరొక చిరునామా అవసరమైంది. దూరపు ఊళ్లోని కొనుగోలుదారు రైలెక్కడానికి ముందే ఫోను తీసి సరుకు పేరు వెతుకుతున్నాడు. ఆ వెతుకులాటలో కనిపించని అంగడి ఎంత పాతదైనా అతని దృష్టిలో లేనట్లే.

మహారాష్ట్రలోని సోలాపూర్‌ను తీసుకుంటే ఈ విషయం బాగా అర్థమవుతుంది. తరాల కిందట తెలంగాణ ప్రాంతం నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఆ పట్టణపు చద్దర్లకు, టర్కీ తువ్వాళ్లకు దేశమంతటా పేరుంది. ఆ రెండింటికీ భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. అక్కడ నాలుగు మగ్గాలు నడుపుకొనే ఒక కుటుంబం ఉందనుకోవాలి. వారు నేసిన చద్దరు దళారి చేతికి, అక్కడి నుంచి టోకు వర్తకుడికి, ఆపైన ఏదో ఊళ్లోని దుకాణానికి చేరుతుంది. దాన్ని కప్పుకొన్నవారికి నేసినవారి పేరు తెలియదు. నేసినవారికి కప్పుకొన్నవారి పేరు తెలియదు. చద్దరు ధరలో ఎవరి వాటా ఎంతో మధ్యవారికి మాత్రమే తెలుస్తుంది. ఆ ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయి తమ చద్దర్లను తామే ఇంటర్నెట్‌లో చూపిద్దామని ఇంట్లో చెప్పింది. తండ్రి సరేనన్నాడు. అయితే ఎక్కడ చూపించాలి అన్న ప్రశ్న దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఇటువంటి కుటుంబాలు దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఇంటర్నెట్‌లోని ఇళ్లు, స్థలాలు, అద్దెల సంగతి కొంత తెలుసుకోవాలి.

బ్రిటన్‌కు చెందిన టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో పని చేస్తూ 1989లో వెబ్‌కు రూపకల్పన చేశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ విధానాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది. అయితే ఆ రోజుల్లో ఒక పేజీని తయారు చేయాలంటే ప్రత్యేకమైన సంకేత భాష నేర్చుకోవలసి వచ్చేది. ఒక్క ముక్క మార్చాలన్నా తెలిసినవారి దగ్గరికి పరుగెత్తాలి. ఈ ఇబ్బందిని తీర్చినవి బ్లాగు వేదికలు.

బ్లాగు అనేది తేదీల వరుసలో, కొత్తది పైన ఉండేటట్లు రాసుకొనే వెబ్ పుస్తకం. ‘వెబ్‌లాగ్’ అనే మాట 1997లో పుట్టింది. 1999లో ఒకాయన సరదాగా ఆ మాటను ‘వుయ్ బ్లాగ్’ అని విరవగా, ‘బ్లాగ్’ అనే పొట్టి పేరు స్థిరపడింది. అదే ఏడాది అమెరికాలోని పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ ‘బ్లాగర్’ను ప్రారంభించింది. 2003లో గూగుల్ దాన్ని కొన్నది. 2003 మే నెలలోనే ‘వర్డ్‌ప్రెస్’ మొదటి రూపం వెలువడింది. ఫ్రాన్స్ దేశస్థుడు ఒకరు రాసి మధ్యలో వదిలేసిన ‘బీ2’ అనే ప్రోగ్రామును మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు తీసుకొని దాన్ని తయారు చేశారు. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దాని మీదనే నడుస్తున్నాయి. దినచర్య రాసుకోవడానికి పుట్టిన సాధనాన్ని వ్యాపారులు త్వరలోనే అందిపుచ్చుకున్నారు. కొత్త సరుకు వచ్చిన రోజున ఎవరి సాయమూ లేకుండా దాని బొమ్మ పెట్టి నాలుగు మాటలు రాయగలగడం చిన్న అంగడికి పెద్ద వరమైంది.

ఇంటర్నెట్‌లో ఇల్లు కట్టుకొనే పద్ధతులు స్థూలంగా ఊళ్లో ఇల్లు సంపాదించుకొనే పద్ధతుల వంటివే. ఒకరి ఇంటి అరుగు మీద ఊరికే కూర్చోవచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్ల పేజీ పెట్టుకోవడం అటువంటిది. అద్దె ఇంట్లో ఉండవచ్చు. నెలకో ఏడాదికో ఇంత అని తీసుకొని, అన్ని సదుపాయాలతో పేజీలు తయారు చేసి ఇచ్చే షాపిఫై, విక్స్ వంటి సంస్థలు ఇందుకు ఉదాహరణలు. స్థలం తీసుకొని సొంతంగా కట్టుకోవచ్చు. అంటే సర్వరులో కొంత జాగాను అద్దెకు తీసుకొని, వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత ప్రోగ్రామును అందులో స్థాపించుకోవడం. మూడింటిలోనూ సుఖముంది, కష్టముంది. అరుగు మీద కూర్చోవడానికి ఖర్చు లేదు, పైగా వీధిలో జనం ఎప్పుడూ ఉంటారు. కాని ఇంటి యజమాని తలుపు వేసుకుంటే లేచిపోవలసిందే.

ఈ చివరి మాట ఊహించి చెప్పినది కాదు. 1994లో అమెరికాలో ‘జియోసిటీస్’ అనే ఉచిత వేదిక మొదలైంది. అందులో పేటలు ఉండేవి. సినిమా ఇష్టపడేవారికి హాలీవుడ్ పేట, కంప్యూటర్ల వారికి సిలికాన్ వ్యాలీ పేట. ఒక్కొక్క పేజీకి ఇంటి నంబరు వంటి నంబరు. కోట్ల పేజీలు అక్కడ వెలిశాయి. ఎందరో చిన్న వ్యాపారులు, సంగీతకారులు, బడిపిల్లలు తమ తమ గుడిసెలు అక్కడే వేసుకున్నారు. 1999లో యాహూ సంస్థ దాన్ని భారీ ధరకు కొన్నది. పదేళ్లు తిరిగేసరికి, 2009 అక్టోబరులో, దాన్ని మూసివేసింది. కొందరు స్వచ్ఛంద సేవకులు పగలూ రాత్రీ శ్రమించి వీలైనన్ని పేజీలకు నకళ్లు తీసి దాచారు. మిగిలినవి పోయాయి. జపానులోని శాఖ మాత్రం 2019 మార్చి వరకు నడిచింది.

తరువాత కూడా ఇటువంటివి ఆగలేదు. గూగుల్ సంస్థ చిన్న దుకాణాలకు ఉచితంగా ఒక పేజీ వెబ్‌సైటు ఇచ్చేది. మ్యాపులో దుకాణం పేరు నమోదు చేస్తే చాలు, ఆ వివరాలతోనే సైటు తయారయ్యేది. 2024 మార్చిలో ఆ సైట్లన్నిటినీ ఆపివేశారు. వాటి చిరునామాలను గోడల మీద, సంచుల మీద, రసీదు పుస్తకాల మీద అచ్చు వేయించుకున్నవారు మళ్లీ అచ్చు వేయించుకోవలసి వచ్చింది. 2003లో మొదలైన ‘టైప్‌ప్యాడ్’ అనే బ్లాగు వేదిక డబ్బు తీసుకొని నడిపినదే. అదీ 2025 సెప్టెంబరు 30న మూతపడింది. కాబట్టి ఉచితం అన్న మాటను ఎంత అనుమానంగా చూడాలో, డబ్బు కట్టాము గదా అన్న ధీమానూ అంతే అనుమానంగా చూడాలి.

మూసివేత సంస్థ నిర్ణయం వల్లనే జరగాలని లేదు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. నిషేధం మంచిచెడ్డలు వేరే చర్చ. అయితే దాని మీదనే ఆధారపడి పేరు తెచ్చుకొన్నవారికి, సరుకు అమ్ముకొన్నవారికి ఒక్క రోజులో తమ వాడుకరులతో సంబంధం తెగిపోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ఇంజనీర్లు చేసిన ఒక మార్పు వల్ల ఆ సంస్థ కంప్యూటర్లకు దారి చూపే సమాచారమే ఇంటర్నెట్‌లో కనబడకుండా పోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ సుమారు 6 గంటలు పని చేయలేదు. వాట్సాప్‌లో మాత్రమే ఆర్డర్లు తీసుకొనే దుకాణాలకు ఆ పూట తలుపులు మూసినట్లే అయింది.

ఇన్ని వేదికలు వచ్చిపోతుంటే నిలిచి ఉండేది ఏది? అంగడి పేరు. ఇంటర్నెట్‌లో దీన్ని డొమైన్ పేరు అంటారు. నిజానికి ప్రతి కంప్యూటరుకూ ఒక అంకెల చిరునామా ఉంటుంది. ఆ అంకెలు గుర్తుంచుకోవడం మనుషులకు కష్టం. అందుకని పేరు చెబితే అంకెలు చూపే పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. ఇది పెద్ద టెలిఫోను డైరెక్టరీ వంటిది. పేరు సొంతమైతే, దాని ఎదుట రాసిన అంకెలను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సెల్‌ఫోను నంబరు మారకుండా కంపెనీ మార్చుకొనే సౌకర్యం మన దేశంలో 2011 నుంచి అంతటా ఉంది. డొమైన్ పేరు చేసే మేలు అటువంటిదే. ఈ ఏడాది బ్లాగర్‌లో ఉన్న అంగడి వచ్చే ఏడాది వర్డ్‌ప్రెస్‌కు మారినా, సంచి మీద అచ్చు వేసిన చిరునామా మారదు. వాడుకరికి ఇల్లు మారిన సంగతే తెలియదు.

‘డాట్ కామ్’తో ముగిసే పేరు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ‘డాట్ ఇన్’ భారతదేశానికి కేటాయించినది. నిక్సీ అనే సంస్థ దాన్ని నిర్వహిస్తుంది. 2005లో అది అందరికీ సులభంగా దొరికే ఏర్పాటు జరిగింది. తెలుగు లిపిలోనే రాయగల ‘డాట్ భారత్’ కూడా ఉంది. అయితే తెలుగు చదవలేని కొనుగోలుదారులు ఉన్నచోట అదొక్కటే పెట్టుకోవడం తెలివైన పని కాదు. రెండూ తీసుకొని, ఒకదాని నుంచి మరొకదానికి దారి వేయవచ్చు.

పేరును శాశ్వతంగా ఎవరూ కొనలేరు. సంవత్సరానికి ఇంత అని రుసుము కట్టి నిలుపుకోవాలి. ఒకేసారి గరిష్ఠంగా 10 సంవత్సరాలకు కట్టవచ్చు. ఈ చిన్న పని మరచిపోవడం పెద్ద సంస్థలకూ జరిగింది. సబీర్ భాటియా తన మిత్రునితో కలిసి 1996లో ప్రారంభించిన హాట్‌మెయిల్‌ను 1997 చివరలో మైక్రోసాఫ్ట్ కొన్నది. ఆ ఉత్తరాలు తెరవడానికి ‘పాస్‌పోర్ట్ డాట్ కామ్’ అనే పేరు అవసరమయ్యేది. 1999 క్రిస్మస్ సమయంలో ఆ పేరుకు రుసుము కట్టడం మైక్రోసాఫ్ట్ మరచిపోయింది. ఎందరికో ఉత్తరాలు తెరుచుకోలేదు. కారణం కనిపెట్టిన ఒక ప్రోగ్రామరు తన సొంత కార్డుతో 35 డాలర్లు చెల్లించగా మళ్లీ అంతా నడిచింది. అంత పెద్ద కంపెనీకి ఒక మంచి మనిషి దొరికాడు. సోలాపూర్ కుటుంబానికి అటువంటివాడు దొరుకుతాడన్న నమ్మకం లేదు. గడువు దాటిన పేర్లను కాచుకొని కొనేవారు, తిరిగి ఇవ్వడానికి ఎన్నో రెట్లు అడిగేవారు ఉన్నారు. మరొక జాగ్రత్త కూడా అవసరం. సైటు తయారు చేసి ఇచ్చే వ్యక్తి తరచుగా డొమైన్ పేరును తన పేరు మీదనే నమోదు చేస్తాడు. ఇల్లు కట్టిన మేస్త్రీ పట్టాను తన పేరున రాయించుకొన్నట్లు ఉంటుంది ఇది. అతనితో మాట పట్టింపు వచ్చిననాడు అంగడి పేరు అతని చేతిలో చిక్కుతుంది. నమోదు కుటుంబం పేరుతో, కుటుంబం వాడే ఈమెయిలుతో జరగాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి ఏ వేదికను ఎన్నుకోవాలి? ఆమె దగ్గర ఉన్న డబ్బు తక్కువ, సమయం ఇంకా తక్కువ. బ్లాగర్‌లో చోటు ఉచితం. సొంత డొమైన్ పేరును దానికి తగిలించుకోవడానికీ వేరే రుసుము లేదు. కాబట్టి ఖర్చు పేరుకు కట్టేది ఒక్కటే. కాని అందులో సరుకుల బుట్ట, చెల్లింపు వంటి అంగడి సదుపాయాలు లేవు. వర్డ్‌ప్రెస్ రెండు రూపాల్లో దొరుకుతుంది, ఇక్కడ చాలామంది తికమక పడతారు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది 2005 నుంచి ఒక సంస్థ నడుపుతున్న వేదిక. అందులో ఉచిత చోటు ఉన్నా, సొంత పేరు తగిలించాలంటే డబ్బు కట్టాలి. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి తెచ్చుకొనేది ప్రోగ్రాము మాత్రమే. దాన్ని అద్దె సర్వరులో పెట్టుకొని, వూకామర్స్ అనే అనుబంధాన్ని చేర్చితే పూర్తి దుకాణం తయారవుతుంది. అయితే దాని మరమ్మతులు ఎప్పటికప్పుడు చేసుకోవాలి. పాతబడిన అనుబంధాల సందుల్లోంచి దొంగలు దూరి, చద్దర్ల పేజీలో జూదపు ప్రకటనలు పెట్టిపోయే ప్రమాదముంది. షాపిఫై వంటి అద్దె దుకాణంలో ఈ బెడద తక్కువ. కాని అమ్మకం జరిగినా జరగకపోయినా నెలనెలా అద్దె కట్టాలి. రోజుకు ఒక చద్దరు అమ్మడమే కష్టమైన మొదటి సంవత్సరంలో ఆ భారం ఎందుకు?

ఇటువంటి కుటుంబానికి సొంత పేరుతో బ్లాగర్‌లో మొదలుపెట్టడం సరైన నిర్ణయమని చెప్పవచ్చు. బేరాలు ఫోను మీద, చెల్లింపులు యూపీఐ మీద జరుగుతాయి. ఆర్డర్లు పెరిగి చేతి రాత పుస్తకం చాలనప్పుడు వర్డ్‌ప్రెస్‌కు మారవచ్చు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లను మానవలసిన పని లేదు. జనం ఉండేది అక్కడే. అక్కడ బొమ్మ చూపి, వివరాలకు సొంత చిరునామాకు రమ్మని పిలవాలి. గూగుల్ మ్యాపులో దుకాణం పేరు, వేళలు, ఫోను నంబరు నమోదు చేయడం ఉచితమే. దగ్గరి ఊళ్లవారికి ఆ ఒక్క పనే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

పేజీలో ఏమి రాయాలన్నది వేదిక కంటే కష్టమైన విషయం. ‘మా వద్ద అన్ని రకముల నాణ్యమైన చద్దర్లు లభించును’ అని రాస్తే అది ఏ దుకాణానికైనా సరిపోతుంది. అందువల్ల ఏ దుకాణానికీ ఉపయోగపడదు. కొనేవారు అడిగే ప్రశ్నలకు జవాబులు రాయాలి. చద్దరు పొడవు, వెడల్పు ఎంత? బరువు ఎంత? నూలు ఏది? మొదటిసారి ఉతికితే రంగు దిగుతుందా? ఉతికాక ఎంత కుంచించుకుపోతుంది? రెండు వైపులా బొమ్మ ఎందుకు వేరు రంగుల్లో కనిపిస్తుంది? జకార్డు మగ్గంలో చిల్లుల అట్టలు దారాలను ఎలా ఎత్తుతాయో, ఒక వైపు పైకి తేలిన రంగు రెండో వైపు ఎలా అణగిపోతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బయట చాలామందికి తెలియదు. రాయవలసినది అదే. గూగుల్ వంటి శోధన యంత్రాలు పేజీలోని మాటలను చదివి పట్టిక తయారు చేసుకుంటాయి. ఎవరైనా ‘చద్దరు రంగు పోకుండా ఉతకడం ఎలా’ అని అడిగినప్పుడు ఆ జవాబున్న పేజీని చూపుతాయి. బొమ్మ లోపల అచ్చువేసిన అక్షరాల కంటే పేజీలో మామూలుగా టైపు చేసిన అక్షరాలే వాటికి బాగా అందుతాయి. అందుకని ధరల పట్టికను ఫొటో తీసి పెట్టడం కంటే టైపు చేయడం మేలు.

ఏ భాషలో రాయాలి? తెలుగు అక్షరాలకు 1991లోనే యూనికోడ్ పద్ధతిలో స్థానం లభించింది. అయినా చాలాకాలం తెలుగు పత్రికలు తమ తమ సొంత ఖతులు వాడాయి. ఆ ఖతి లేని కంప్యూటరులో అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించేవి. వెతికినా దొరికేవి కావు. యూనికోడ్ వ్యాపించాక ఆ చిక్కు తీరింది. ‘లేఖిని’ వంటి సాధనాలతో ఇంగ్లీషు కీబోర్డు మీదనే తెలుగు రాసే వీలు కలిగింది. ఇప్పుడు ఫోనులోనే ఆ సౌకర్యం ఉంది. సోలాపూర్‌లో ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, దూరపు బేరాలకు హిందీ, ఇంగ్లీషు వినిపిస్తాయి. నాలుగు భాషలు వచ్చిన పిల్లలు ఆ ఇళ్లలో సామాన్యం. అక్కడ ఇది పెట్టుబడి లేని ఆస్తి. అన్నీ ఒకే పేజీలో కలిపి రాయకుండా ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పేజీ పెట్టాలి. మరాఠీ పేజీని పండరిపురం యాత్రికుడు చదువుతాడు. తెలుగు పేజీని వరంగల్లులోనో కరీంనగరులోనో ఉన్న బంధువుల ఊరివారు చదువుతారు. తెలుగులో ఈ సరుకు గురించి రాసినవారు తక్కువ కాబట్టి వెతికినప్పుడు ఆ పేజీ ముందు వరుసలో కనిపించే అవకాశమూ ఎక్కువ.

చట్టం సంగతి కూడా కొంత తెలియాలి. ‘సోలాపురి చద్దరు’ అన్న పేరు భౌగోళిక సూచికగా నమోదైనది. ఆ చట్టం 1999లో వచ్చి 2003లో అమలైంది. వేరే ఊళ్లో నేసిన చద్దరును ఆ పేరుతో అమ్మడం నేరం. నేసినవారు అధీకృత వాడుకరులుగా నమోదు చేయించుకుంటే, నకిలీ సరుకు అమ్మేవారి మీద చర్య కోరే హక్కు వస్తుంది. ఆ సంగతి పేజీలో చెప్పుకోవచ్చు. ఇంటర్నెట్ వ్యాపారానికి కేంద్ర ప్రభుత్వం 2020లో వినియోగదారుల రక్షణ నియమాలు ప్రకటించింది. అమ్మే సంస్థ తన పేరు, చిరునామా, సరుకు వాపసు తీసుకొనే పద్ధతి స్పష్టంగా చూపాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలిపి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే పాత బోర్డు ఇక్కడ పనికిరాదు.

ఇక రోజువారీ పనుల్లో ముఖ్యమైనది నకలు తీయడం. బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ రాసినదంతా ఒక ఫైలుగా దించుకొనే ఏర్పాటు ఉంది. ఏ వేదికను ఎన్నుకొనే ముందైనా ఈ ఏర్పాటు ఉందో లేదో చూడాలి. లేనిచోట అడుగు పెట్టకూడదు. ఇల్లు మారేటప్పుడు ఆ ఫైలు కొత్త వేదికలో పరిచేస్తే పాత రాతలన్నీ తేదీలతో సహా వచ్చేస్తాయి. అయితే సాధారణంగా ఆ ఫైలులో ఉండేవి రాతలు మాత్రమే. బొమ్మలకు బదులు వాటి చిరునామాలు ఉంటాయి. పాత వేదిక మూతపడితే ఆ చిరునామాల్లో ఏమీ దొరకదు. అందుకని మగ్గం దగ్గర తీసిన అసలు ఫొటోలను, కొన్నవారి పేర్లు, ఫోను నంబర్ల పట్టికను ఇంట్లోనే వేరే డిస్కులో దాచి, నెలకొకసారి కొత్తవి చేర్చుకోవాలి.